కుట్లు పైకి ఉన్న గౌను

మేమంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే మా పక్కింటామె పోయిన శుక్రవారం పొద్దున్నే కన్నుమూసింది. నిర్మల్‌లో మా వాడకట్టు ఆడవాళ్ల బట్టలన్నీ ఆమే కుట్టేది. చెప్పిన రోజుకు ఒక్కటీ ఇచ్చిన పాపాన పోలేదు. దసరాకని ఇచ్చిన జాకెట్టు దీపావళికి చేతికొచ్చేది. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. నా బిడ్డను చూసి ముఖం తిప్పుకోని మనిషి ఈ వీధిలో ఇక ఎవరున్నారనిపించింది.

నా బిడ్డకు పదకొండేళ్లు. మాటలు లేవు. చిన్నప్పుడు అక్షరాభ్యాసానికి బాసర తీసుకుపోతే, కొత్త పట్టులంగా, జాకెట్టు పీకి పారేసి, పలక ముట్టకుండా గుక్కపట్టి ఏడ్చింది. అమ్మవారి దయ కలగలేదన్నారు మా అత్తగారు. మరుసటి ఏడు ఇంకా మంచి పట్టు తొడిగి తీసుకుపోయాం. మూడో ఏడూ అంతే. ప్రతిసారీ వరుసలో ఉన్నవాళ్లందరికీ చేతులు జోడించి మాఫీ అడిగాను. మూడోసారి ఇంటికొచ్చాక బిడ్డను కొట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, గట్టిగానే కొట్టాను.

ఆ ఏడుపు విని ఖాలా వచ్చింది. ఆ జాకెట్టు తిరగేసి, జరీ అంచునూ లోపలి కుట్లనూ వేళ్లతో తడిమి, బిడ్డ మెడ చూసింది. ఎర్రగా కందిపోయి ఉంది.

"గుచ్చుకుంటున్నది బేటీ పిల్లకు. చెప్పనీకి మాట లేకపాయె, విప్పి పారేస్తున్నది," అంది.

తల్లినై ఉండి మూడేళ్లలో ఆ మెడ నేను చూడలేదు.

ఖాలా తన పాత నూలు చున్నీతో, కుట్లన్నీ పైకి పెట్టి ఓ గౌను కుట్టింది. జన్మలో మొదటిసారి మర్నాటికే ఇచ్చింది. అది వేసుకుని బిడ్డ సాయంత్రం దాకా ఏడవలేదు. గౌను తిరగేసి తొడిగానని చూసినవాళ్లు నవ్వారు.

తర్వాత కరీంనగర్‌లో డాక్టరు ఆటిజం అన్నాడు. ఇది రోగం కాదని, మెదడు ఎదిగే తీరే వేరని, చప్పుడూ వెలుగూ బట్ట ఒరిపిడీ మనకన్నా ఎక్కువ తగులుతాయని ఓపికగా చెప్పాడు. నేను మాత్రం బస్సు దిగి నేరుగా ఖాలా దగ్గర కూలబడి, పిల్ల అందరిలా ఎప్పుడవుతుందని అడిగాను. ఆమె మిషన్ ఆపలేదు.

"అందరి లెక్క అంటే ఎవరి లెక్క? ముప్పై ఏండ్ల సంది కొలతలు తీస్తున్న, ఇద్దరివి ఒక్క తీరు రాలే."

ఆ మాటతో నా కష్టం తీరిందని అబద్ధం చెప్పను. ఏ బడీ మా పిల్లను నెలకు మించి ఉంచుకోలేదు. దుబాయ్ నుంచి మా ఆయన, మాటలు వచ్చినయా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. కానీ రోజూ ఓ గంట బిడ్డ ఖాలా మిషన్ పక్కన కూర్చునేది. ఆ గంటే నన్ను ఇన్నేళ్లు నిలబెట్టింది.

శుక్రవారం బిడ్డను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను. లోపల జనం, అత్తరు వాసన, ఏడుపులు. బిడ్డ చెవులు మూసుకుని గట్టిగా మూలగడం మొదలుపెట్టింది. వాళ్ల చుట్టాల్లో ఒకామె పిల్లకు ఏమైందని అడిగింది. అలవాటుగా చేతులు జోడించబోయి ఆగిపోయాను.

"ఏం కాలే అక్కా. గీ ఏడుపులు దానికి ఎక్కువైనయ్, గంతే," అన్నాను.

వరండాలోకి తీసుకొచ్చాను. బిడ్డ ఖాళీ చోటు చూసుకుని బోర్లా పడుకుని, చెంపను బండకు ఆనించింది. మూలుగు మెల్లగా తగ్గింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ మమ్మల్ని తప్పుకుని నడుస్తున్నారు. నేనూ దాని పక్కనే పడుకుని చెంప ఆనించాను. బండ చల్లగా ఉంది.