మూడు బ్యాటరీల జీపు

ఊళ్ళో అందరికీ ఆయన కరెంటు మామయ్య. ఇరవై ఎనిమిదేళ్ళు బండ్లకు వైరింగు చేశాడు. దగ్గరి చూపు మందగించి సన్న వైర్లు కనిపించడం మానేశాక, షాపును తన దగ్గరే పని నేర్చుకున్న శిష్యురాలికి అప్పగించి, ఆరోగ్య కేంద్రంవారి ఫోర్‌వీల్ జీపు నడపడానికి కుదిరాడు. నెలనెలా కొండ మీదికి టీకాలు చేర్చడం పని. పక్క సీట్లో నర్సు, అంటే ఆయన మరదలే. ఆవిడకు బావ మీదున్న గౌరవమంతా ఆయన స్టీరింగు పట్టుకున్నంతసేపే.

జీపులో ఇంజనుకో యాసిడ్ బ్యాటరీ, టీకాల ఫ్రిజ్‌కో జెల్ బ్యాటరీ ఉండేవి. చాలవన్నట్టు మామయ్య ఓ లిథియం బ్యాటరీ తెచ్చి, మూడింటినీ లావుపాటి వైరుతో కలిపేశాడు.

"ఆ అమ్మాయిని ఓ మాట అడగరాదూ?" అంది భార్య.

"దానికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిందే నేను. నేనెళ్ళి దాన్ని అడగాలా?"

మర్నాడు పొద్దున్నే జీపు చిన్న గేరులో కొండెక్కుతోంది.

"బావా, ఏదో మాడుతోంది."

"కొత్త వైరు కదా, మొదట్లో అలాగే ఉంటుంది."

"స్టీరింగు ముందు వెలుగుతున్న ఆ ఎర్ర లైటు కూడా కొత్తదేనా?"

మామయ్య యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాడు. పైకి చేరి బానెట్ ఎత్తేసరికి, బ్యాటరీలకు కరెంటు ఎక్కించే డైనమో మాడి నల్లబడి కూర్చుంది. ఎదురుగా నలభై మంది పిల్లలు, తల్లులు. ఫ్రిజ్ మీద ఐదు డిగ్రీలు. ఎనిమిది దాటితే టీకాలు పారబోయడమే. కాసేపు మీసం దువ్వుకుని, మరదలికి కనపడకుండా జీపు వెనక్కెళ్ళి శిష్యురాలికి ఫోన్ చేసి, కొత్త లిథియం సంగతీ మాడిన డైనమో సంగతీ చెప్పాడు.

"గురువుగారూ, మూడూ కలిపేశారా?"

"...కలిపాను."

"లిథియం ఇచ్చినంతా లాగేస్తుందండీ. మీరేమో కొండ మెల్లగా ఎక్కారు, డైనమోకి గాలాడదు. మాడక ఏం చేస్తుంది! ముందు ఆ వైరు విప్పండి. లిథియం ఒక్కటే ఫ్రిజ్‌కి ఉంచండి. ఇంజన్ బ్యాటరీ జోలికి ఎవర్నీ పోనివ్వకండి, తిరిగి రావాలంటే అదే దిక్కు."

"ఎవరొస్తారు ఇక్కడికి?"

"మీరున్నారుగా!"

చెప్పినట్టే చేసి, మామయ్య ఫ్రిజ్ పక్కన పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. మరదలు మూత తీస్తే చాలు, "మూయ్, మూయ్" అని ప్రాణం తీశాడు. ఆఖరి పాపాయికి టీకా పడేసరికి ఆరు డిగ్రీలు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అప్పుడు గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

కిందికి దిగి, ఇంటికి కాక నేరుగా షాపుకే పోనిచ్చాడు. శిష్యురాలు బానెట్ ఎత్తి చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండుననిపించింది ఆయనకు. డైనమో మార్చి, బ్యాటరీల మధ్య అరచేతంత పెట్టెలు రెండు బిగించింది.

"ఏ బ్యాటరీకి ఎంత ఇవ్వాలో ఇవే చూసుకుంటాయండీ."

మామయ్య టార్చి పట్టుకుని వంగి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎలా చూసుకుంటాయో... కాస్త చెప్పమ్మా."

ఆమె స్టూలు లాగి వేసింది. పాఠం ఎంతకీ తెమల్లేదు. ఆకలికి ఆగలేక మరదలు ఖాళీ టీకా పెట్టె చంకన పెట్టుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.