నోరు జారిన పేరు

అరవైల్లో, పెళ్లయిన కొత్తలో, మేము కృష్ణపట్నం దగ్గర ఉండేవాళ్లం. మా ఆయన ఒక పాత వ్యాను కొని నెల్లూరికి చేపలు తోలేవారు. ఒకరోజు అమ్మకానికి మా అత్త, సాయానికి నేను కూడా ఎక్కాము. వెంకటాచలం దాటగానే బండి ఎక్కిళ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా వేగం అందుకోదు, టప్ టప్‌మని తన్నుతుంది. వెనక గంపల్లో ఐసు కరిగిపోతోంది. ఎండెక్కేలోగా మార్కెట్టు చేరకపోతే చేపలన్నీ పారబోయాల్సిందే.

ఆయన బండి పక్కన ఆపి బానెట్టు ఎత్తారు. ఇంజను ఆపకుండా సీట్లో కూర్చుని, "తీగల దగ్గర యాడన్నా చిటచిటమంటా ఉందేమో చూడుమే" అన్నారు. చప్పుడైతే వస్తోంది, ఏ తీగలోనో తెలియలేదు. అడ్డంగా ఉన్నదాన్ని వేలితో పక్కకు నెట్టాను. కరెంటు కొట్టి ఒళ్లు జల్లుమంది.

"ఒరే పెంచలయ్యా! చచ్చాన్రో!" అని అరిచాను.

పెంచలయ్య మా ఆయన పేరు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా కాలంలో భయం.

అత్త వ్యానులోంచి దూకింది. "ఏందిమే, మొగుణ్ణి పేరు పెట్టి పిలస్తావా? అందులోనూ ఒరే అనా?"

"నువ్వుండుమా, లోపం దొరికింది!" అంటూ ఆయన పరిగెత్తుకొచ్చారు. నేను ముట్టుకున్న తీగ పైతోలు పగిలి, కరెంటు ప్లగ్గుకు చేరకుండా బయటికి పోతోంది. ఇంజను ఆపి, దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. మళ్లీ తీస్తే బండి కుదురుగా నడిచింది. మార్కెట్టులో అత్త చేపలన్నీ అమ్మింది, నా సంగతి మాత్రం ఊరికే పంచిపెట్టింది.

ఆయన ఇప్పటికీ గట్టిగానే ఉన్నారు. అయినా ఆ పేరు నేను రెండోసారి పలకలేదు. ఇక్కడ రాశావు కదా అంటారేమో, రాస్తే పలికినట్టు కాదు.