గంగమ్మ లాకర్‌లో గిల్టు కమ్మలు

నారాయణఖేడ్‌లోని ఒక బ్యాంకు శాఖలో నేను ఇరవై ఏళ్లకు పైగా అప్రైజర్‌గా పనిచేశాను. అప్రైజర్ అంటే బ్యాంకుకు వచ్చిన నగను గీటురాయి మీద గీసి, తూచి, బంగారమో కాదో తేల్చి చెప్పేవాడు. నెల జీతం ఉండదు, సొంత కుర్చీ కూడా ఉండదు. మేనేజర్లు మూడేళ్లకొకరు మారేవారు, నేను మారలేదు. ఆ ధీమా నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది నేను పని మానేయడానికి ముందు ఏడాది, కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో జరిగింది.

నాగల్‌గిద్ద దగ్గరి ఊళ్లో గంగమ్మ అనే ఆమె చనిపోయింది. ఆమె లాకర్ ఖాతాలో చిన్న కోడలు మహానంద పేరు కూడా ఉంది. ఆఖరి వరకు గంగమ్మను చూసుకున్నది ఆమే. నిబంధన ప్రకారం మహానంద ఒక్కతే లాకర్ తెరవొచ్చు. కానీ పెద్ద కొడుకు శివరాజు అభ్యంతరం చెప్పడంతో, అందరి ముందూ తెరిచి వస్తువుల జాబితా రాయాలని మేనేజర్ నిర్ణయించారు. బ్యాంకు తరఫున ఇద్దరు సాక్షులు, ఇటు శివరాజు, తమ్ముడు బస్వరాజు, అతని భార్య మహానంద. నగల నాణ్యత చెప్పడానికి నేను.

గొలుసు, గాజులు సరిగానే ఉన్నాయి. చివర ఎర్రరాళ్ల కమ్మల జత వచ్చింది. చేతిలోకి తీసుకోగానే బరువు చాలలేదనిపించింది. వెనక అంచును రాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశాను. గీత ఆకుపచ్చగా పొంగి మాయమైంది. "గిల్టు. ఇత్తడి మీద పూత" అని పైకే అనేసి, కమ్మలను పక్కకు నెట్టాను. అది మా వృత్తిలో అలవాటు. బంగారం కానిదాన్ని రెండోసారి చూడం.

శివరాజు లేచి నిలబడ్డాడు. "మా అమ్మ అన్ని పెండ్లిళ్లకు గివే పెట్టుకున్నది. గిల్టు ఎట్లయితయ్? అసలువి యాడికి వోయినయ్?" అంటూ మరదలి వైపు తిరిగాడు. "తాళంచెవి నీ తాననే ఉండె గద!"

"నేను ముట్టలే బావా" అన్నది మహానంద. భర్త వైపు చూసింది. బస్వరాజు తల ఎత్తలేదు. ఠాణాకు పోదాం పదమని శివరాజు అంటుండగానే ఆమె తన చెవుల కమ్మలు తీసి నా ముందు పెట్టింది. "గివి గూడ గీకు సారూ. నేను దొంగనైతే నావి గూడ దొంగసొమ్మే గావాలె."

మా దిక్కు ముత్తయిదువ పదిమందిలో చెవులు బోసిగా చేసుకోదు. నాకు సిగ్గేసింది. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాను. ఆ కమ్మలు ఏ కాలానివో చూడనే లేదు. మేనేజర్‌ను పది నిమిషాలు అడిగి భూతద్దం తీశాను.

ఈమధ్య బజారులో దొరికే 'వన్ గ్రామ్ గోల్డ్' పూత కమ్మలు అచ్చులో పోసినవి. పూత అంతటా ఒకేలా ఉంటుంది. వెనక బిగించే మరలు యంత్రం మీద కోసినవి కాబట్టి ఒకదానిది ఇంకోదానికి పడుతుంది. ఇవి అలా లేవు. ఇత్తడి రేకును చేత్తో మలిచి, లోపల లక్క నింపి, గాజురాళ్ల కింద మెరుపు రేకు పరిచారు. ఆ రేకు అంచుల్లోకి నూనె, చెమట దిగి నల్లబడింది. చెవిలో దూరే కాడ మీద పూత పూర్తిగా అరిగిపోయింది. కుడి కమ్మ మరను ఎడమ కాడకు తిప్పితే రెండు చుట్లకే బిగుసుకుంది. చేత్తో కోసిన మరలు దేనిది దానికే. వీటిని ఎవరో ఏళ్ల తరబడి పెట్టుకున్నారు. ఆ సంగతి అందరికీ చెప్పాను.

"ఎవలియో పాత గిల్టు తెచ్చి పెట్టి ఉండొచ్చు గద?" అన్నాడు శివరాజు.

న్యాయమైన ప్రశ్నే. మళ్లీ చూశాను. ఎడమ కమ్మ ఏడు రాళ్లలో అన్నిటికన్నా కిందిది తెల్లరాయి. ఎర్రది ఊడిపోతే దొరికినదాన్ని పెట్టించుకున్నారు. గంగమ్మ ఫోటో ఉందా అని అడిగాను. పటం కట్టించడానికని శివరాజు తన పెళ్లి ఆల్బమ్ నుంచి తీసుకున్న తల్లి ఫోటో అతని ఫోన్‌లోనే ఉంది. మహానంద ఆ ఇంటికి కోడలిగా రావడానికి చాలా ముందుది. దాన్ని పెద్దది చేసి అతనికే చూపించాను. ఎడమ చెవికి ఆరు ఎర్రరాళ్లు, కింద ఒక తెల్లది.

శివరాజు వేలు పెట్టి రాళ్లు లెక్కపెట్టాడు. "నా పెండ్లికే గిల్టు పెట్టుకున్నదా? మాకెవలికి చెప్పలే..." అని కూర్చుండిపోయాడు.

అసలువి ఎప్పుడు, దేనికోసం పోయాయో అక్కడ ఎవరికీ తెలియదు. గిల్టును లాకర్‌లో దాచడం నాకు వింతగా అనిపించలేదు. లాకర్‌లో ఉన్నంతకాలం ఊరి కళ్లకు అది బంగారమే.

జాబితాలో "విలువ లేదు" అని రాయబోతున్న మేనేజర్‌ను ఆపాను. ఇత్తడి, బంగారు పూత, పాత చేతిపని, ఎడమ కమ్మకు ఒక రాయి మార్చారు, పనితనానికి విలువ పాత నగలు సేకరించేవాళ్లు కట్టాలి, అని రాయించి సంతకం చేశాను.

"తప్పయింది" అన్నాడు శివరాజు. మహానంద లేచింది. తన కమ్మలను కొంగుకు ముడేసుకుని నా దగ్గర ఆగింది.

"ముందుగాలనే గిట్ల చూస్తే నీదేం పోతుండె సారూ?"

నగ మీద చెప్పిన మాట తాళంచెవి ఉన్న మనిషి మీద పడుతుందని అన్నేళ్ల పనిలో నాకు తట్టలేదు. ఆ తర్వాత బంగారం కాని వస్తువు ఏది వచ్చినా, దాని పని, వయసు, మరమ్మతు కాగితం మీద రాసుకున్నాకే నోరు తెరిచాను. అలా చూడటానికి పావుగంట చాలు.