ఒకే మెయిలు, రెండు కాగితాలు

దయ్యాలనూ గాలినీ నేను ఏనాడూ నమ్మలేదు. హోసూరులో మేము బాడుగకున్న ఇంట్లో ఏదో ఉందని పక్కింటివాళ్లు చెప్తే, నాకు తెలిసి ఈ ఇంట్లో ఉండేది మా ఆయనొక్కడే అన్నాను. ఇప్పటికీ నా భయమంతా బతికుండే మనుషులంటేనే. అయినా ఇది జరిగింది. కాగితాలు నా దగ్గర ఉన్నాయి.

రెండువేల ఐదులో సంగతి. మా ఆయన ఒక కంపెనీలో సూపర్‌వైజరు. కొట్టేవాడు. ఇంటి ఫోనుకు తాళం వేసి పనికి పోయేవాడు. వీధి చివర ఎస్టీడీ బూతు ఆయన స్నేహితునిది. సామల్పట్టిలో ఉన్న మా అక్కతో మాట్లాడాలంటే నాకు మిగిలింది మెయిలొకటే. బావ బడిపంతులు. బడి కంప్యూటర్లో చూసి అక్కకు చెప్పేవాడు.

కూరగాయలకని చెప్పి, పాపను చంకనేసుకుని బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరుకు పోయేదాన్ని. నా ఐడీ చేసిచ్చింది ఆ సెంటరాయనే. "పాస్‌వర్డ్ నేనే పెడతానమ్మా, మీరైతే మరిచిపోతారు" అని, మా ఇంటి దేవుడి పేరు అడిగి అదే పెట్టి, నోటు పుస్తకంలో నా పేరు పక్కన రాసుకున్నాడు. ఆ రోజుల్లో అందరికీ అట్లనే చేసేవాడు. పక్కింట్లో తాళంచెవి ఇచ్చిపోయినట్టే అనుకున్నాను. మహా ఉపకారం చేసినాడని దండం కూడా పెట్టినాను.

కొన్నాళ్లకు అన్నం తింటూ మా ఆయన అన్నాడు: "ఏమే, నేను రాక్షసుణ్ణా? సంగటి కూడా సరిగ్గా చెయ్యలేనిదానికి నేను రాక్షసుణ్ణా?" ఆ మాట నేను మెయిల్లో తప్ప యాడా అనలేదు. అక్కే చెప్పిందనుకుని మూడు నెలలు ఆమెతో మాట మానేసినాను. నా వాళ్లను నేనే అనుమానించేట్టు చేసినాడు. అది ఈ జన్మకు మరిచిపోను.

ఆ తర్వాత చెయ్యి విరగ్గొట్టినాడు. కట్టు విప్పిన వారమే అక్కకు మళ్లీ రాసినాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. గురువారం పది గంటల బస్సుకు పాపతో బయలుదేరతాను, కృష్ణగిరిలో దిగి మీ ఊరి మీద పోయే ఊత్తంగరై బస్సెక్కుతాను, ఎవ్వరికీ చెప్పొద్దు. రెండుసార్లు చదువుకుని పంపినాను.

గురువారం ఆయన తెల్లారే పోయినాడు. నేను చెప్పినట్టే బయలుదేరినాను. దారిలో ఎవరూ అడ్డం రాలేదు. మధ్యాహ్నానికి అక్క ఇంట్లో ఉన్నాను.

వారానికి ఆయన ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకుని వచ్చినాడు. ఒక కాగితం నా ముందర విసిరినాడు. నా మెయిలు ప్రింటు. నా ఐడీ, బావ ఐడీ, తేదీ, నిమిషంతో సహా ఉంది. అందులో నా మాటలు లేవు. గురువారం జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బెంగుళూరు బస్సెక్కుతాను అని ఉంది. అది కృష్ణగిరికి పూర్తిగా ఎదురు దిక్కు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడ ప్రతి బస్సూ ఎక్కి దిగినాను. కావాలనే రాసింది" అన్నాడు.

బావ బడికి పోయి తనకొచ్చింది ప్రింటు తీసుకొచ్చినాడు. అదే తేదీ, అదే నిమిషం. అందులో కృష్ణగిరి ఉంది, ఊత్తంగరై ఉంది. రెండు కాగితాలూ చాప మీద పెట్టి చూసుకున్నాము.

పెద్దమనుషుల్లో ఒకాయన, "ఏమైనా మొగుణ్ణి అట్లా ఎండలో నిలబెట్టకూడదమ్మా" అన్నాడు. నా చెయ్యి సంగతి ఆయన అడగలేదు.

"ఆ ఎండకు నన్నేం చెయ్యమంటావప్పా, గొడుగు పంపమంటావా?" అన్నాను. వాళ్లతో తిరిగి పోలేదు.

నెల తర్వాత బావను తోడు తీసుకుని ఆ సెంటరుకు పోయినాను. "మీ ఇంటాయన కదమ్మా, పాస్‌వర్డ్ అడిగినాడు, ఇచ్చినాను" అన్నాడు సెంటరాయన, సిగ్గు లేకుండా. ఆ ప్రింటు తీసిచ్చిందీ తనేనంట. "నేనూ చదివినాను, జూజువాడి అనే ఉండింది" అన్నాడు. అక్కడే నా మెయిలు తెరిపించినాను. పంపినవాటిలో ఆ నిమిషానికి ఒకటే ఉంది. కృష్ణగిరిదే. సెంటరాయన దాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాడు.

పుస్తకంలో నా పేరు కనపడకుండా కొట్టేసినాను. ఆ ఐడీ మళ్లీ తాకలేదు. ఊత్తంగరైలో మమ్మల్ని ఎరగని సెంటరులో, నా చేత్తో కొత్తది చేసుకున్నాను. పాస్‌వర్డ్ అక్కకు కూడా చెప్పలేదు. అక్క నొచ్చుకోలేదు.

ఇంజినీరింగు చదివిన మా బంధువుల పిల్లకు రెండు కాగితాలూ చూపించినాను. వైరస్ అనింది, కాసేపటికి అది కూడా కాదనింది. మా ఆయనే మార్చినాడంటే, తనను తనే ఎండలో నిలబెట్టుకుంటాడా? నేను రాయలేదు. నాకు అంత తెలివి ఉండుంటే చెయ్యి విరిగేదాకా ఆడ ఉండేదాన్ని కాదు.

ఇంట్లో ఏ పెళ్లి జరిగినా చుట్టాలు ఈ కాగితాలు చూపించమంటారు. అదెట్లా మారింది, ఎవరు మార్చినారు అని అడుగుతారు. నాకు తెలీదు, ఇన్నేళ్లయినా తెలీదు. నా ఉత్తరాలు ఆయన చేతికి ఎట్లా పోయినాయని మాత్రం ఒక్కరూ అడగలేదు.