నాలుగు మూడు కొయ్య

నా చిన్నప్పుడు, నోటి దూకుడుతో ఒక మంచి మనిషిని దొంగను చేశాను.

మాది ఆళ్లగడ్డ. మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. కొత్త ఇంటికి రాతి గడప కూడా తనే చెక్కి, వాకిలి నిలువు కొయ్యలు దిగడానికి నాలుగంగుళాలకు మూడంగుళాల గుంటలు తీశాడు. మేము మామా అని పిలిచే ఊరి వడ్రంగి నంద్యాల సామిల్లులో నాలుగు మూడు టేకు కొయ్యలు కోయించి తెచ్చి, ఆరబెట్టి, చిత్రిక పట్టి వాకిలి నిలబెట్టాడు. తీరా చూస్తే కొయ్య గుంటలో వదులుగా ఊగింది. నేను ఎగిరి దూకి స్కూలు స్కేలు పెట్టి చూశాను.

"మూడుముక్కాలే ఉంది నాయనా!" అని అరిచాను.

"నేను రెండడుగుల బొమ్మంటే రెండడుగులే ఇస్తా. నా కొయ్య యాడబోయిందప్పా?" అని నాయన నలుగురిలో మామను దొంగ అనేశాడు. ఆ మాట బజారున పడితే ఆయనకు ఇక పని చెప్పేవాళ్లుండరు.

మామ బతిమాలలేదు. సంచి సర్దుకుని, ఇంకా చిత్రిక పట్టని కోత కొయ్య ముక్కొకటి నా చేతికిచ్చి కొలవమన్నాడు. సరిగ్గా నాలుగు, మూడు. కానీ అరచేతిలో పేడు గుచ్చుకుంది.

"నున్నగయిందని నువ్వు చెప్పేదాకా చిత్రిక పడతా పాపా" అన్నాడు. చేత్తో తడిమి తడిమి, చాలన్నాను. మళ్లీ కొలిస్తే మూడుముక్కాలు, రెండుముక్కాలు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సామిల్లో నాలుగు మూడంటే రంపం కాడి కొలత. పచ్చికొయ్యయితే ఆరేటప్పుడు ఇంగొంత గుంజుకుంటాది. అయినా పేరు అదే. మీ నాయన చెక్కినంక కొలత చెప్తాడు, మేము చెక్కకముందుది చెప్తాం. గుంట తీసేముందు నన్నొక మాట అడిగింటే సరిపోయేది" అని వెళ్లిపోయాడు.

నాయనకు అంతా చెప్పాను. ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థమైంది, ముఖంలోనే తెలిసింది. అయినా "పెద్దోళ్ల యవ్వారం, నీకెందుకు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ గడప మీదే కూర్చున్నాను.

"నువ్వు పోయి మామను పిల్చుకొచ్చేదాకా నేను లెయ్యను" అన్నాను.

గడప మీద కూర్చోకూడదని అమ్మ కేకలేసింది. నాయన రెండు తగిలించాడు. కదల్లేదు. అన్నానికి పిలిచినా లేవలేదు. పొద్దు వాలే వేళకు నాయన చొక్కా వేసుకున్నాడు. దొంగ అన్నప్పుడు విన్నవాళ్లనే వెంటబెట్టుకుని మామ ఇంటికి వెళ్లి, "తప్పు నాదే అన్నా" అన్నాడట. మరునాడు మామ వచ్చి, గుంటల్లో సందులకు చెక్క చీలికలు దిగ్గొట్టి వాకిలి బిగించాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడ్డాయి. ఎవరైనా ఒకరిని వేలెత్తి చూపితే, వాళ్లనేమైనా అడిగారా అంటాను. నేనే నోరు జారితే, నలుగురిలోనే తప్పు ఒప్పుకుంటాను. ముసలిదానికి పొగరు తగ్గలేదంటారు మా పిల్లలు. తగ్గదు. మాట తూలడానికి లేని భయం, దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకెందుకు?