కన్నమ్మ పిన్ని పాటలో అడుగులు

కన్నమ్మ పిన్నికి అరవై తొమ్మిదేళ్ళు. డెబ్బై అంటే మాత్రం ఊరుకోదు. మలాయ్ దేశంలోని ఈ బంటింగ్‌లో మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే “నాకేటి, కాళ్ళు లేవా?” అని క్లాంగ్ దాకా నిలబడే పోతుంది. ఆవిడతో నెగ్గుకురావడం మా తరం కాదు.

పుట్టింది బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో. పద్నాలుగో ఏట కత్తి పట్టి, రబ్బరు పాలు కారేలా చెట్లు గీసింది. రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశాక బంటింగ్ వచ్చి, బిస్కట్ల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు డబ్బాలు మూసింది. తోట నుంచి తెచ్చుకున్న ఆస్తి వాళ్ళమ్మ పాట ఒక్కటే.

మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఆ పాట పాడతానని పేరిచ్చింది. పేర్లు రాసుకునే కార్యదర్శిని నేనే. రిహార్సల్లో విన్న మా అధ్యక్షుడు కాంతయ్య మాస్టారు మొహం చిట్లించి ఫోన్ తీశారు. అందులోంచి అదే రాగం, ఎవరో ఇటలీ గాయకుడి గొంతులో వచ్చింది.

“ఇది ఇటలీ పాటమ్మా. ఓడెక్కి పోయినవాడి కోసం ఒకతె ఏడ్చే పాట. రికార్డులెక్కి ప్రపంచమంతా తిరిగింది. మనది తెలుగు వేదిక, కుదరదు.”

పిన్ని బెదరలేదు. “ఇటలీదే కావొచ్చు మాస్టారూ. దొరసాని పాటల పెట్టిలోంచి మా అమ్మ ఎత్తుకొచ్చినాది.”

వాళ్ళమ్మ అప్పట్లో తోట దొర బంగళాలో వరండా తుడిచేదట. దొరసాని రోజూ పొద్దున్నే ఆ రికార్డు పెట్టేది. ఒకరోజు చీపురు పట్టుకుని ఈవిడ ఆ రాగం తీస్తుంటే, ఇది నీలాంటివాళ్ళ పాట కాదని కసిరింది. మర్నాటి నుంచి చెట్లు గీయడానికి తోలేశారు. ఆవిడ ఆ చెట్ల మధ్యే, ఆ రాగానికే, తన మాటలు కట్టింది:

దొర గంట కొడితే లేస్తాను గానీ
దొర కసిరితే నాను వంగను లే

“ఏడుపు దొరసానికే వొదిలేసినాది. రాగం మాత్రం వొదల్లేదు. ఇంకెవరిది లా ఈ పాట?” పిన్నికి కోపమొస్తే మలాయ్ వాళ్ళ ‘లా’ కూడా వచ్చేస్తుంది.

మాస్టారు చెడ్డవారు కారు. మా పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. “పైగా తాళం లేదు,” అన్నారు. చూడబోతే అదీ నిజమే. పాదం పాదానికీ మధ్య ఖాళీ. కీబోర్డు వాయించే రవీంద్రన్ అది నింపబోతే పిన్ని చెయ్యెత్తి ఆపింది.

“అక్కడ వాయించకు. ఒక చెట్టు గీసినాక ఇంకో చెట్టు కాడికి నడవాల. ఎనిమిదడుగులు. గీసినప్పుడే పాట. నడిసినప్పుడు కింద పాముంటాదేమో సూసుకోవాల.”

మాస్టారు ఒప్పుకోలేదు. పేరు కొట్టేయమని పెన్ను నా చేతికిచ్చారు. నేను కొట్టేశాను. ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

వార్షికోత్సవం రోజు పిల్లల డాన్సు అయిపోగానే, హాలు వెనక తలుపు దగ్గర పిన్ని లేచింది. మైకు లేదు. మొదటి పాదం పాడింది. నోరు మూసుకుని వేదిక వైపు ఎనిమిదడుగులు నడిచింది. మళ్ళీ పాడింది. మళ్ళీ నడిచింది. మూడోసారికి కుర్చీల్లో కూర్చున్న తోటల నాటి ముసలమ్మలు కూడా నేల మీద పాదాలు వేయడం మొదలెట్టారు. పాట తెలియనివాళ్ళకి కూడా ఆ నడక తెలుసు. అందరివీ సరిగ్గా ఎనిమిదే. ఫోన్లో పాడిన ఆ పెద్దమనిషికి ఈ లెక్క ఎక్కడ తెలుస్తుంది? పిన్ని పేరు కొట్టేసిన ఆ జాబితాని నాలుగు ముక్కలుగా చింపేశాను.

పిన్ని వేదిక దగ్గరికి వచ్చేసింది. మళ్ళీ పాట ఆగింది. ఐదో అడుగు పడుతుంటే మాస్టారు మైకు అందుకున్నారు. “చాలమ్మా, సంతోషం. తర్వాతి అంశం...”

“ఆగండి మాస్టారూ,” నడక ఆపకుండానే అంది పిన్ని. “నా సెట్టింకా రాలేదు.”

మాస్టారు మైకు దించారు. మిగిలిన మూడడుగులూ వేసి, ఆయన ఎదురుగా నిలబడి, పిన్ని ఆఖరి పాదం పాడింది.

దొర కసిరితే నాను వంగను లే.