రోజూ ఒక గరిటె

1996లో నేను ఉదయగిరిలోని ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉండేదాన్ని. మా ఇల్లు ఆత్మకూరులో. పొద్దున్నే బస్సెక్కి డ్యూటీకి వచ్చేదాన్ని. ఆ ఆగస్టులో మస్తాన్ భాయ్ మా ఓపీకి వచ్చాడు. వచ్చాడని అనకూడదు, ఇద్దరు తమ్ముళ్ళు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు.

మస్తాన్ భాయ్ కొయ్య గరిటెలు చెక్కే మనిషి. అరవై దాటినా కొండెక్కి కట్టె తానే చూసి, తానే భుజాన వేసుకుని దిగేవాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. మద్రాసులో ఆపరేషన్ చేసి, ఆ జబ్బుకు బలమిచ్చే మగ హార్మోన్‌ను కూడా ఆపేశారు. దాంతో జబ్బు అణిగింది. కానీ ఆ హార్మోన్ తగ్గితే కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు పుడతాయి. దానికి తోడు దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు చుక్కలుగా పడేది. రోజూ నడవాలని, ఒళ్ళు వంచాలని మద్రాసు డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు.

ఇంట్లో జరిగింది వేరు. ఆయన భార్య బీబీజాన్ ఆయన్ను మంచం దిగనివ్వలేదు. క్యాన్సర్ అంటే చావేనని అందరూ అనుకునే రోజులవి. చూడవచ్చిన చుట్టాలు బ్రెడ్డు, బత్తాయిలు చేతికిచ్చి, ఆయన లేవబోతే చాలు, "పండుకో భాయ్, లెయ్యబాక!" అని భుజాలు పట్టి పడుకోబెట్టేవాళ్ళు. అంత ప్రేమతోనే మనిషిని సగం చేశారు.

"నీకేం కావాల భాయ్?" అని అడిగాను. నొప్పి తగ్గాలంటాడనుకున్నాను.

"రంజాన్ పండక్కి ఈద్గాలో అందరితో లైన్లో నిలబడాల సిస్టరమ్మా. ఇప్పుడు నేల మీద కూచుంటే లెయ్యలేను. బట్ట తడస్తా ఉండాది. ఆ బట్టతో నమాజుకు ఎట్ట పొయ్యేది? నాతో చెక్కేవాళ్ళంతా ఆడ ఉంటారు. నేనొక్కణ్ణి మంచంలో ఉంటే ఇంక నేనుండీ ఏంది?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, వచ్చింది. పండగకు ఇంకా ఆరు నెలలు ఉంది. ఈ మనిషిని ఈద్గాలో నిలబెట్టకపోతే నా నర్సు టోపీ తీసేస్తానని మనసులోనే అనుకున్నాను.

మా డాక్టరుగారు పరీక్ష చేసి సరేనన్నాక, రోజూ పొద్దున వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాను. వారం తిరగకముందే బీబీజాన్ నా మీదకు వచ్చేసింది.

"ఏం సిస్టరమ్మా, మా ఆయన్ని పిచ్చోణ్ణి చేసినావే! పొద్దన్నే బయల్దేరతాడు. అంగడాయన యాడికి పోతా ఉండావు భాయ్ అంటాడు. ఈయన ఊరికేనంటాడు. ఊరికే ఎవురన్నా నడుస్తారా? ఆపరేషన్లో తలకు కూడా ఏమన్నా అయినాదేమోనని కూచోబెట్టి టీ తాపిస్తా ఉండారు. నాలుగిండ్లు దాటకముందే నాలుగు టీలు!"

నాకు నవ్వాగలేదు. నిజమే మరి. ఈ ఊళ్ళో పొలానికి నడుస్తారు, కొండకు నడుస్తారు, బస్టాండుకు నడుస్తారు. పని లేకుండా నడిచే మనిషిని ఎవరు చూశారు? వాకింగ్ అనేది ఇక్కడ జబ్బు కింద లెక్క. అందుకని మందు మార్చాను.

"భాయ్, మా ఆస్పత్రి వంటగదికి గరిటెలు కావాల. రోజుకొకటి చేసి తెచ్చియ్యి."

"రోజుకొకటేందికి? ఒకేసారి తెచ్చి పారేస్తాను గదా."

"పెట్టుకునేదానికి చోటు లేదు. రోజుకొకటే. నువ్వే తేవాల. తమ్ముళ్ళ చేత పంపితే తీసుకోను."

మా ఆసుపత్రి ఊరి చివర. వాళ్ళ ఇంటి నుంచి నడిస్తే మంచి దూరమే. మర్నాటి నుంచి అంగడాయన అడిగితే "ఆస్పత్రికి గరిటె ఇయ్యాల" అని చెప్పి ఆగకుండా వచ్చేవాడు. పని మీద పోయే మనిషిని మా వాళ్ళు ఆపరు. గరిటె నా చేతికి ఇవ్వబోతే తీసుకునేదాన్ని కాదు. మూలన నేల మీద ఒక బుట్ట పెట్టాను. వంగి, గొంతుక్కూర్చుని అందులో పెట్టి లేవాలి. మొదట్లో గోడ పట్టుకుని, "ఏం గరిటెలమ్మా, ప్రాణం తీస్తా ఉండావు" అని తిట్టుకుంటూ లేచేవాడు. తిట్టనీలే అనుకుని నేను చార్టులు రాసుకుంటూ ఓరకంట చూసేదాన్ని.

ఇక చుక్కల సంగతి. పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులని ఉన్నాయి. మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలను బిగించి వదిలే సాధన. ఒక మగమనిషికి, అందులోనూ నాకంటే పాతికేళ్ళ పెద్దాయనకు, ఇది చెప్పాలంటే నాకూ నోరు రాలేదు. ఆయనేమో కిటికీలోంచి కొండను చూస్తున్నాడు. చివరికి చేతిలోని గరిటె చూపించాను.

"గరిటె కాడ నున్నబడేదానికి ఆకురాయి పడతావు గదా. ఆకురాయి నడిచినంతసేపు, ఒంటేలు ఆపుకున్నట్టు లోపల బిగబట్టు. గరిటె తిప్పుకునేటప్పుడు వదిలెయ్. ఊపిరి మాత్రం ఆపబాక."

"అంతేనా?" అన్నాడు. ఆకురాయి ఆయనకు అన్నం తిన్నంత అలవాటు. మరీ ఎక్కువ చేసేస్తాడేమోనని నేనే మధ్యమధ్యలో ఆపాల్సి వచ్చింది.

దసరా నాటికి గోడ వదిలేశాడు. చలి మొదలయ్యేసరికి బట్ట పొడిగా ఉంటోందని బీబీజాన్ నా చెవిలో చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఆయన గరిటెతో పాటు కొయ్య దుంగ కూడా భుజాన పెట్టుకుని వచ్చేవాడు. ఎందుకు భాయ్ అంటే, "భుజం మరిచిపోతాదని" అనేవాడు. మా వంటగదిలో గరిటెలు నిండి, ఆయాలకు, వాచ్‌మన్‌కు, ప్రసవమై ఇంటికిపోయే తల్లులకు కూడా పంచాము.

రంజాన్ పండగ రోజు నాకు డ్యూటీ. ఆత్మకూరు నుంచి వచ్చే బస్సు ఈద్గా దగ్గర ఆగిపోయింది. రోడ్డు దాకా వరసలు నిలబడి ఉన్నాయి. కిటికీలోంచి వెతికాను. మూడో వరసలో తెల్లటి జుబ్బా, ఎత్తయిన భుజాలు. మస్తాన్ భాయ్! అందరితో పాటు నుదురు నేలకు ఆనించాడు. లేవాలి, గోడ లేదు, తమ్ముళ్ళు ఆ చివరెక్కడో ఉన్నారు. వరస లేచింది. వరసతో పాటే ఆయనా లేచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"లేచినాడు!" అని బస్సులో అరిచేశాను. కండక్టరు బిత్తరపోయి, "ఎవురమ్మా?" అన్నాడు. "మా పేషెంటు!" అన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు కలిగినంత గర్వం నాకు నర్సింగ్ సర్టిఫికెట్ అందుకున్న రోజు కూడా కలగలేదు.

పండగ మర్నాడు ఆయన మామూలుగానే వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. గరిటె ఏదని అడిగితే, "ఇంక నీకు గరిటెలెందుకమ్మా, నాకు తెలవదా?" అని నవ్వాడు. బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, లేచి చూపించాడు.

ఎక్సర్‌సైజు చెయ్యమని చెబితే మనుషులు చెయ్యరు. వాళ్ళు ఏ పనికి లేస్తారో కనుక్కుని, ఆ పనిలో పెట్టి ఇవ్వాలి. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ప్రతి పేషెంటును నేను మొదట అడిగింది ఆ పని గురించే. అదే ఆపరేషన్ చేయించుకుని సీతారామపురం నుంచి వచ్చిన ఒక రైతుకైతే మస్తాన్ భాయే వెళ్ళి ధైర్యం చెప్పాడు.

పండగ మర్నాడు, ఆ ఖాళీ చేతులతోనే ఆయన మా ఆసుపత్రి గేటు దాటి రోడ్డెక్కగానే ఎవరో కేకేశారు. "యాడికి భాయ్ పొద్దన్నే?"

మస్తాన్ భాయ్ ఆగలేదు. ఖాళీ చేతులు ఊపుకుంటూ, ఊరంతా వినపడేలా చెప్పాడు. "యాడికీ లేదురా. ఊరికే, నడస్తా ఉండాను!"